తీర్థన్ లోయ వాగు గట్టున బూడిదరంగు పుదీనా: ఇది మెంథా లాంజిఫోలియానేనా?

కొండమల్లి
నమస్కారం. హిమాచల్‌లో కుల్లూ జిల్లా తీర్థన్ లోయలో వాగు పక్కన తీసిన ఆరు ఫొటోలు పెడుతున్నాను. ఎత్తు సుమారు 1,700 మీటర్లు, ఆగస్టు మూడో వారం. మొక్క నడుము దాకా ఉంది. కాండం నాలుగు పలకలు, ఆకులకు తొడిమ లేనట్టే, ఆకు కింద తెల్లటి నూగు, కొమ్మ కొసన లేత ఊదారంగు కంకులు. మెంథా లాంజిఫోలియా అనుకుంటున్నాను.

ఒక్క చోటే తేడా కొడుతోంది. పదడుగుల దూరంలో ఉన్న రెండు గుబుర్లలో ఒకదాని ఆకు నలిపితే మన బజారు పుదీనా వాసన, రెండోదాన్ని నలిపితే మందుల షాపు వాసన. రెండు జాతులా? ఇంకో ప్రశ్న, ఇది హైదరాబాద్ మిద్దె మీద బతుకుతుందా?

ద్విదళం
ఫొటోలు చూస్తే లాంజిఫోలియాకే మొగ్గుతాను. ఎందుకో వరసగా చెబుతాను, మీ ఫొటోలతో పోల్చుకోండి.

ముందు కంకి. పూలు చిన్న చిన్న గుత్తులుగా కణుపు చుట్టూ చేరతాయి, మన పాఠ్యపుస్తకాల్లో కూటచక్రకం అనేది అదే. లాంజిఫోలియాలో ఈ చక్రాలు కొమ్మ కొసన ఒకదానిమీద ఒకటి దగ్గరగా పేరుకుని కొనదేరిన కంకి అవుతాయి, మామూలుగా 4 నుంచి 10 సెంటీమీటర్లు. అడుగున ఒకటి రెండు చక్రాలు విడిగా ఉండొచ్చు. కొమ్మ చివర ఆకులే ఉండి పూలు ఆకు పంగల్లో వస్తే మాత్రం ఈ జాతిని మరిచిపోండి, అది మెంథా ఆర్వెన్సిస్ అనే ఇంకో పుదీనా వైపు మొక్క.

ఆకు: 5 నుంచి 10 సెం.మీ. పొడవు, ఒకటిన్నర నుంచి 3 సెం.మీ. వెడల్పు. అంచున రంపపు పళ్లు కొంచెం బయటికి తిరిగి ఉంటాయి. పైన బూడిద కలిసిన ఆకుపచ్చ, కింద తెలుపు. తొడిమ లేదు, ఉన్నా మిల్లీమీటరో రెండో.

పువ్వు: రక్షక పత్రావళి గంటలాగా, రెండు మూడు మి.మీ., ఐదు పళ్లూ ఇంచుమించు సమానం. ఆకర్షణ పత్రావళి నాలుగు తమ్మెలు, పై తమ్మె కాస్త వెడల్పుగా కొసన చిన్న నొక్కుతో ఉంటుంది. కేసరాలు నాలుగు, దాదాపు ఒకే పొడవు, విడివిడిగా బయటికి చాచుకుని ఉంటాయి. తులసి కుటుంబంలో చాలా మొక్కలకు పువ్వు రెండు పెదవులుగా చీలి, కేసరాలు పై పెదవి కింద దాక్కుంటాయి. పుదీనాకు ఆ పెదవుల హంగామా లేదు, ప్రజాతిని పట్టేయడానికి అది చాలు.

మీ మూడో ఫొటోలో ఇవన్నీ కనిపిస్తున్నాయి. వాసన సంగతి మాత్రం పక్కన పెట్టండి, దానితో జాతి తేలదు.

గట్టుమీద
ద్విదళం గారూ, ఒక అభ్యంతరం. ఆ లోయలో ప్రతి ఇంటి పెరట్లో మెంథా స్పైకాటా, అంటే మన వంటింటి పుదీనా ఉంటుంది, కాలవల వెంట బయటికి పాకుతుంది. స్పైకాటాలో నూగు ఉన్న రకాలు కూడా ఉన్నాయి. తెల్ల నూగు కనబడింది కదా అని లాంజిఫోలియా అనేస్తే పప్పులో కాలేసినట్టే.

ద్విదళం
మంచి అభ్యంతరం. నూగు ఉందా లేదా అన్నది కాదు, ఎలాంటి నూగు అన్నది చూడాలి. పది రెట్ల భూతద్దం కావాలి, ఇరవై రెట్లదైతే ఇంకా మంచిది.

కాండం మధ్య భాగం నుంచి ముదిరిన ఆకు తీసుకోండి, లేతాకు వద్దు. వెన్ను వైపు పైకి పెట్టి, ఈనెకు పక్కనున్న మెత్తటి చోట పక్క వెలుతురులో చూడండి. లాంజిఫోలియాలో రోమాలు కొమ్మలు లేని ఒంటి పోగులు. స్పైకాటాలో నూగున్న రకాల్లో ఒంటి పోగులతో పాటు చీలిన రోమాలు కూడా కలుస్తాయి. దాని తల్లిదండ్రుల్లో ఒకటైన మెంథా స్వావియోలెన్స్ అనే పుదీనాకు చీలిన రోమాలు లక్షణం, అక్కడి నుంచి వచ్చిందే. ఒక ఆకు చూసి తేల్చకండి, ఒకే గుబురులో మూడు నాలుగు కాండాల నుంచి తీసి చూడండి.

పైగా స్పైకాటా ఆకు పైభాగం ముడతలు పడి, గాఢమైన ఆకుపచ్చగా ఉంటుంది. లాంజిఫోలియా ఆకు చదునుగా, దూరం నుంచి దుమ్ము పట్టినట్టు కనిపిస్తుంది. రెండూ పక్కపక్కన పెరిగే చోట సంకరాలు కూడా పుడతాయి, వాటిని విల్లోసోనెర్వాటా అంటారు. గింజ దాదాపు కట్టదు, కొమ్ముతోనే (నేల కింద సాగే కాండంతోనే) పాకుతుంది. పుప్పొడిని మైక్రోస్కోప్ కింద చూస్తే చాలా రేణువులు ముడుచుకుపోయి ఉంటాయి. అనుమానం మరీ బలంగా ఉంటే ఆ పరీక్ష చేయాల్సిందే.

టెర్పీన్
వాసన ఎందుకు మోసం చేస్తుందో నేను చెబుతాను.

ఆకు మీద నూనె సంచులు రెండు రకాలు. వాటిలో పెద్దవి గుండ్రటి బిళ్లల్లా ఉంటాయి, తల భాగంలో ఎనిమిది కణాలు. ఆ కణాలు తయారుచేసిన నూనె పైనున్న పలచటి పొర కింద ఉబ్బుగా నిలవ ఉంటుంది. మీరు నలిపినప్పుడు పగిలేది అదే.

లోపల కథ లిమొనీన్ అనే పదార్థం దగ్గర రెండు దారులు చీలుతుంది. ఒక ఎంజైము లిమొనీన్‌ను ఆరో స్థానంలో ఆక్సీకరిస్తే కార్వియోల్, దాని నుంచి కార్వోన్. మన బజారు పుదీనా వాసన కార్వోన్‌దే. ఇంకో ఎంజైము మూడో స్థానాన్ని పట్టుకుంటే ఐసోపిపెరిటెనాల్, అక్కడి నుంచి పులెగోన్, మెంథోన్, చివరికి మెంథాల్. లాంజిఫోలియాలో ఈ రెండో దారి తరచు మధ్యలో పక్కకు తిరిగి పిపెరిటోన్ ఆక్సైడ్, పిపెరిటెనోన్ ఆక్సైడ్ దగ్గర ఆగుతుంది. మీకు తగిలిన మందుల షాపు వాసన వీటిదో పులెగోన్‌దో అయి ఉండాలి.

ఏ దారి పట్టాలో తేల్చేది ఒకటి రెండు జన్యువులు. అందుకే ఒకే జాతిలో, ఒకే గట్టు మీద వేరు వేరు వాసనల మొక్కలు ఉంటాయి. వీటిని రసాయన రూపాలు అంటాం, వేరే జాతులు అనం. ఒక గుబురంతా సాధారణంగా ఒకే కొమ్ము నుంచి పాకిన ఒకే మొక్క, కాబట్టి గుబురు లోపల వాసన మారదు, గుబురు గుబురుకీ మారొచ్చు. పోల్చేటప్పుడు రెంటి నుంచీ ఒకే వయసు ఆకు, ఒకే కణుపు స్థాయి నుంచి తీసుకోండి. లేతాకులో పులెగోన్ శాతం ఎక్కువ, ముదిరేకొద్దీ మారుతుంది.

కొండమల్లి
చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. ఐదో ఫొటో రెండో గుబురుది. అందులో పూలు చిన్నవి, కేసరాలు బయటికి కనబడడం లేదు. ఇది జాతి తేడా కాదా?

ద్విదళం
కాదు. అది ఆడమొక్క. పుదీనాల్లో కొన్ని మొక్కలకు ద్విలింగ పుష్పాలు, కొన్నింటికి ఆడ పుష్పాలు మాత్రమే ఉంటాయి. ఆడ పువ్వు కాస్త చిన్నది, కేసరాలు ఎదగకుండా గొట్టం లోపలే ఉండిపోతాయి, కీలం మాత్రం రెండుగా చీలి బయటికి వస్తుంది.

ఒక మెలిక ఉంది. ద్విలింగ పువ్వులో కేసరాలు ముందు పండుతాయి, అవి వాడాక కీలం సాగుతుంది. ముసలి పువ్వును చూస్తే అది కూడా ఆడ పువ్వులాగే కనిపిస్తుంది. కంకి అడుగు నుంచి పైకి విచ్చుకుంటుంది కాబట్టి, విచ్చుకున్న వాటిలో అన్నిటికంటే పైనున్న చక్రంలో ఇప్పుడే తెరుచుకున్న పువ్వు తీసి చూడండి. అందులోనూ కేసరాలు లేకపోతే ఆడమొక్కే.

కాయ కట్టాక నాలుగు చిన్న గింజకాయలు రక్షక పత్రావళి అడుగున కూర్చుంటాయి. ఒక్కోటి మిల్లీమీటరు కంటే తక్కువ. కీలం అండాశయం నెత్తి మీద నుంచి కాకుండా ఆ నాలుగింటి మధ్య అడుగు నుంచి లేస్తుంది, ఇంటర్‌లో తులసి కోసి చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

దూన్‌వాసి
ఆవాసం గురించి ఎవరూ మాట్లాడలేదు. నా దృష్టిలో సగం గుర్తింపు అక్కడే ఉంది.

పశ్చిమ హిమాలయంలో ఈ మొక్క సుమారు 1,500 నుంచి 3,500 మీటర్ల మధ్య కశ్మీర్, లద్దాఖ్, హిమాచల్, ఉత్తరాఖండ్‌లలో కనిపిస్తుంది. యూరప్, పశ్చిమాసియా, మధ్య ఆసియా దాకా, ఆఫ్రికాలో దక్షిణాఫ్రికా వరకు కూడా ఇదే జాతి వ్యాపించి ఉంది. ఎక్కడైనా కోరేది ఒకటే: తల మీద ఎండ, వేరు కింద కదిలే నీరు.

వాగు అంచున చూస్తే అది ఎక్కడ నిలబడుతుందో తెలుస్తుంది. నీటి లోపల కాదు, అక్కడ వాటర్‌క్రెస్, వెరోనికా అనగాలిస్-అక్వాటికా ఉంటాయి. గట్టు నెత్తి మీదా కాదు, అక్కడ గడ్డి, రుమెక్స్ నేపాలెన్సిస్. ఈ రెంటి మధ్య గులకరాళ్లు, ఇసుక, సన్నటి ఒండ్రు కలిసి వరద వచ్చినప్పుడల్లా చెదిరే పట్టీ ఉంటుంది కదా, అదే దీని అడ్డా. వరద కొమ్మును ముక్కలు చేస్తుంది, ముక్క కింద ఎక్కడో ఇసుకలో ఇరుక్కుంటుంది, కణుపు దగ్గర వేరు వేస్తుంది. అందుకే ఒక వాగు పొడుగునా ఒకే రకం వాసన కిలోమీటర్ల మేర కనిపించినా ఆశ్చర్యం లేదు.

పొలాలకు నీళ్లు మళ్లించే కూల్ కాలవల గట్లు, ఊటలు కారే బండల అడుగు, పశువులు తొక్కే తడి మైదానం కూడా దీనికి ఇష్టం. పశువులు దీన్ని పెద్దగా ముట్టవు, చుట్టూ గడ్డి కొరికేస్తాయి, పోటీ తగ్గి ఇది పెరుగుతుంది. బాగా మేసిన చోట పుదీనా గుబుర్లే మిగిలి కనబడటానికి కారణం అది. దేవదారు నీడలోకి వెళితే మాత్రం సన్నబడి పూయదు. లాహౌల్, లద్దాఖ్‌లో విల్లో చెట్ల వరసల కింద, సీబక్‌థార్న్ పొదల అంచున దొరుకుతుంది.

చలికాలం పైభాగమంతా చచ్చిపోతుంది. మంచు కింద కొమ్ము బతికి ఉండి వసంతంలో మళ్లీ లేస్తుంది. పూత జులై నుంచి సెప్టెంబరు.

గట్టుమీద
అదే వాగు దగ్గర దీనితో పొరబడేవి ఏమేం ఉన్నాయో కూడా చెప్పండి.

దూన్‌వాసి
ఒరిగానం వుల్గేర్ మొదటిది. అది ఎండిన వాలుల మొక్క. ఆకుకు తొడిమ ఉంటుంది, అంచు దాదాపు నునుపు, పూలగుత్తిలో ఊదారంగు పుచ్ఛాలు (పువ్వు కింది చిన్న ఆకులు) ఒకదానిమీద ఒకటి సర్దుకుని ఉంటాయి. ఎల్‌షోల్‌జియా సిలియేటా కంకిలో పూలన్నీ ఒకే పక్కకు తిరిగి ఉంటాయి, చూస్తే మళ్లీ మరిచిపోరు. నేపెటాలకు రెండు పెదవుల పువ్వు. లైకోపస్ యూరోపేయస్ కశ్మీర్ వైపు తడి నేలల్లో ఉంటుంది, పుదీనాలాగే నిలబడుతుంది గాని వాసన లేదు, ఆకు లోతుగా చీలి ఉంటుంది, పనిచేసే కేసరాలు రెండే.

మన వైపు ఇంకో గొడవ. బంజరు నేలల్లో, రోడ్ల పక్కన గుబురుగా పెరిగే సీమ తులసిని కొందరు అడవి పుదీనా అని అమ్ముతున్నారు. అది మీసోస్ఫేరం సువావియోలెన్స్, అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చిన కలుపు. పొడుగు తొడిమ, వెడల్పాటి ఆకు, రెండు పెదవుల పువ్వు, గింజ నీళ్లలో వేస్తే సబ్జాలా ఉబ్బుతుంది. తెలుగు రాష్ట్రాల్లో మనం వండుకునే మెంథా అంతా సాగు మొక్కే.

లేబుల్‌రావు
పేరు గురించి రెండు ముక్కలు. లిన్నేయస్ 1753లో దీన్ని స్పైకాటాలో ఒక రకంగా రాశాడు, తర్వాతే విడి జాతి అయింది. హిమాలయపు మొక్కలను కొందరు లాంజిఫోలియాలో ఉపజాతిగా పెడతారు, కొందరు మెంథా రాయిలియానా అని విడదీస్తారు. సహారన్‌పూర్ బొటానికల్ గార్డెన్‌కు 1823 నుంచి 1831 వరకు పర్యవేక్షకుడిగా ఉన్న జాన్ ఫోర్బ్స్ రాయిల్ పేరు మీద వచ్చిందది. పాత హెర్బేరియం షీట్లలో (మొక్కను ఎండబెట్టి అతికించిన కాగితాల్లో) మెంథా సిల్వెస్ట్రిస్ అని కనిపిస్తే అదీ ఇదే. ప్రజాతిలో ఎన్ని జాతులు అంటే 18 నుంచి 30 దాకా ఎవరి లెక్క వాళ్లది. మీరు నోట్సులో లాంజిఫోలియా అని రాసి, పక్కన విశాలార్థంలో అని చేరిస్తే ఎవరూ తప్పు పట్టరు.

టెర్పీన్
జాతుల లెక్క ఎందుకు తేలదో క్రోమోజోములు చూస్తే తెలుస్తుంది. లాంజిఫోలియా 24, స్వావియోలెన్స్ 24. రెండూ కలిసి రెట్టింపైతే స్పైకాటా 48. అక్వాటికా అనే ఇంకో పుదీనా 96. స్పైకాటా నుంచి 24, అక్వాటికా నుంచి 48 వస్తే 72, అదే పెప్పర్‌మింట్. జతలు సరిగా కుదరవు కాబట్టి అది గింజ కట్టదు. ఉత్తరప్రదేశ్‌లో బారాబంకీ చుట్టూ మెంథాల్ కోసం వేసే జపాన్ పుదీనా కెనడెన్సిస్ 96, దాని పుట్టుకలోనూ ఆర్వెన్సిస్‌తో పాటు లాంజిఫోలియా ఉందని బలమైన అభిప్రాయం. ఆ పంటలో హిమాలయ అనే రకం ఉంది, పేరు చూసి అది ఈ కొండ మొక్క అనుకోకండి.

అంటే మన వంటింటి పుదీనాకూ, టూత్‌పేస్టులో పెప్పర్‌మింట్‌కూ ముత్తవ్వ మీరు ఫొటో తీసిన మొక్కే. 24 క్రోమోజోములే ఉండటం వల్ల జన్యువులు చదవడం తేలిక. అమెరికాలో పెప్పర్‌మింట్ తోటలను దెబ్బకొట్టే వెర్టిసిలియం ఎండు తెగులును దక్షిణాఫ్రికా లాంజిఫోలియా ఒకటి తట్టుకుంటుంది. 2017లో జీనోమ్ చిత్తుప్రతి వెలువడింది దాని మీదే.

మిద్దెతోట_పద్మ
హైదరాబాద్ ప్రశ్నకు నేను జవాబిస్తాను. బతుకుతుంది, బాగా ఉండదు.

నర్సరీ నుంచి తెచ్చిన మొక్క అయితే పూత లేని కొమ్మ నుంచి 8-10 సెం.మీ. ముక్క, మూడు కణుపులు. కింది జత ఆకులు తీసేయండి. సగం ఇసుక, సగం మట్టి. నీడలో పెడితే రెండు వారాల్లో వేరు వేస్తుంది. కొమ్ము ముక్క దొరికితే ఇంకా నయం, 5-8 సెం.మీ. ముక్కను అడ్డంగా 3-4 సెం.మీ. లోతున పెట్టండి, నిలువుగా గుచ్చొద్దు. కుండీ లోతు కంటే వెడల్పు ముఖ్యం, అడుగు వెడల్పు టబ్ ఉండాలి. గింజలైతే మట్టి మీద చల్లి వదిలేయాలి, కప్పితే మొలవవు, వాటికి వెలుతురు కావాలి.

ఎక్కువమంది చేసేది, వాగు మొక్క కదా అని కుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలవ పెట్టడం. వాగు నీళ్లు చల్లగా, గాలి కలిసి కదులుతుంటాయి. ఏప్రిల్ ఎండలో వేడెక్కిన పళ్లెం నీళ్లలో గాలి ఉండదు, కొమ్ము నల్లబడి కుళ్లుతుంది. పైన మట్టి వేలికి కాస్త ఆరినట్టు తగలగానే పొద్దున్నే నిండా పోయండి, అడుగు రంధ్రాల్లోంచి కారిపోనివ్వండి. ఉదయం ఎండ, పది దాటాక షేడ్ నెట్. వానాకాలం ఇంకో సమస్య, నూగు నీళ్లు పట్టుకుని ఆకు మచ్చలు వస్తాయి. అప్పుడు రెండు కణుపులు మిగిల్చి కోసేయడమే మేలు.

పూత మీద ఆశ పెట్టుకోకండి. పుదీనాలకు పూయడానికి పొడుగు పగలు కావాలి. హైదరాబాద్‌లో అతి పెద్ద పగలు 13 గంటల పావు, కుల్లూలో 14 గంటల పావు. ఎండ ఎంత ఉన్నా ఆ గంట మనకు రాదు. అరకు తీసుకెళ్లినా చల్లదనం దొరుకుతుంది గాని పగలు పెరగదు.

కొండమల్లి
అక్కడి ఆకుతో పచ్చడి చేసుకుని తినొచ్చా అని కూడా అడగాలనుకున్నాను.

టెర్పీన్
వాగు అంచు ఆకు పచ్చిగా వద్దు. గొర్రెలు, ఆవులు దిగే నీళ్లలో కాలేయపు ఫ్లూక్ అనే పురుగు ఉంటుంది. నత్తలోంచి బయటికి వచ్చి నీటి మొక్కల ఆకులకు తిత్తిలా అంటుకుంటుంది. కడిగితే పోతుందన్న నమ్మకం లేదు, మరిగిస్తే చస్తుంది. పచ్చడిలో ఆకు వేయించి వేసినా బాగా ఉడికి ఉండాలి. నీటికి దూరంగా, మేత లేని గట్టు మీద కోసింది వేరే సంగతి.

రెండోది పులెగోన్. కాలేయానికి చేటు చేస్తుంది, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని 2బి వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటిలో పెట్టింది. నాలుగాకులు కూరలో వేస్తే కొంప మునగదు. మందుల షాపు వాసన కొట్టే గుబురు నుంచి నూనె తీసి లోపలికి పుచ్చుకోవడం మాత్రం వద్దు, గర్భిణులు అసలు వద్దు.

లేబుల్‌రావు
నమూనా సేకరించే ఆలోచన ఉంటే ఒక మాట. తీర్థన్ లోయ ఎగువ భాగం గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్. అక్కడ అనుమతి లేకుండా ఆకు కూడా తెంపకూడదు. బయట ఊరి కాలవ గట్టున అయితే యజమానిని అడిగి ఒక పూకొమ్మ, కొమ్ము ముక్కతో సహా. ఒక ఆకు వెన్ను పైకి ఉండేలా తిప్పి నొక్కండి, లేకపోతే ఆ నూగు షీటు మీద ఎవరికీ కనబడదు. మొదటి మూడు రోజులు రోజూ పేపర్లు మార్చండి, పుదీనా చెమ్మ వదలకపోతే నల్లబడుతుంది. పూల రంగు, వాసన, నీటి నుంచి దూరం అక్కడే రాసుకోండి, ఎండాక అవి షీటు చెప్పదు. పోల్చుకోవడానికి డెహ్రాడూన్‌లో బొటానికల్ సర్వే ఉత్తర ప్రాంతీయ కేంద్రం ఉంది.

గట్టుమీద
ఆరో ఫొటో ఎవరూ గమనించలేదు. ఆకు వెనక నారింజ రంగు పొడి ఉంది. నూగు కాదు.

దూన్‌వాసి
అవును, తుప్పు తెగులు, పుక్సీనియా మెంథే. దాని జీవితమంతా పుదీనా మీదే, వేరే ఆశ్రయం అక్కర్లేదు. వసంతంలో రెమ్మ పాలిపోయి వంకర తిరుగుతుంది, వేసవిలో ఈ నారింజ బొబ్బలు, శరత్తుకు అవే నల్లబడతాయి. ఆ గుబురు నుంచి కొమ్మ నాటొద్దు.

మిద్దెతోట_పద్మ
ఇప్పటికే కొమ్ము ముక్క తెచ్చి ఉంటే మట్టి పూర్తిగా కడిగేసి, 44 డిగ్రీల వేడి నీళ్లలో సరిగ్గా 10 నిమిషాలు ముంచి, వెంటనే చన్నీళ్లలో వేసి, కొత్త మట్టిలో పెట్టండి. థర్మామీటర్ లేకుండా చేయొద్దు. వేడి తగ్గితే తెగులు మిగులుతుంది, పెరిగితే కొమ్ము ఉడుకుతుంది. ఇంట్లో ఉన్న మిగతా పుదీనా కుండీలకు దూరంగా కనీసం ఒక ఏడాది ఉంచండి.